వంద మందికి మూడు వందల పది ఎకరాలు

గూడెం కొత్తవీధి కొండల్లో తన కాళ్ళ మీద తాను నిలబడే పల్లెకు ఎంత నీరు, ఎంత నేల, ఎవరి అనుమతి కావాలి?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో నలుగురు ఉద్యోగస్తులు ఒకచోట చేరితే ఈ మధ్య తరచూ వినబడే మాట ఒకటుంది. కొండల్లో ఓ ఇరవై ఎకరాలు తీసుకుందాం, పది కుటుంబాలు కలిసి వెళ్ళిపోదాం, మన తిండి మనమే పండించుకుందాం అని. ఆ మాట అనేవాళ్ళ కళ్ళ ముందు లంబసింగి మంచు ఉంటుంది, కాఫీ తోట ఉంటుంది, పక్కనే పారే గెడ్డ ఉంటుంది. చుట్టూ ఎవరిదీ కాని అడవి కూడా ఉంటుంది.

నర్సీపట్నం నుంచి ఘాటీ ఎక్కి, లంబసింగి, చింతపల్లి దాటితే అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలం వస్తుంది. మంచు, కాఫీ, గెడ్డ, అడవి అన్నీ అక్కడున్నాయి. కాబట్టి లెక్క అక్కడే వేద్దాం. లెక్క వంద మందికి: ఇరవై ఇళ్ళు, ఇంటికి అయిదుగురు. దిగుబడులు, వాన, వాడకం మన అంచనాలు. ఏది ఎంత అనుకున్నామో ఎక్కడికక్కడ చెబుతాం కనుక ఎవరి స్థలానికి తగ్గట్టు వారు మార్చుకోవచ్చు.

బిందె నిండడానికి మూడు నిమిషాలు

స్థలం చూసేవాళ్ళు ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో కొండెక్కుతారు. అప్పుడు ఏ గెడ్డ చూసినా నిండుగానే ఉంటుంది. చూడాల్సింది మే నెలలో, తొలకరికి ముందు.

గ్రామాలకు జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. వంద మందికి 5,500. ఇంటికో కాడెద్దుల జత చొప్పున 40 పశువులకు, ఒక్కోదానికి 40 లీటర్లు వేసుకుంటే 1,600. అరవై మేకలకు అయిదేసి లీటర్లు, అంటే 300. మొత్తం రోజుకు 7,400 లీటర్లు. దీన్ని 24 గంటలకు పంచితే నిమిషానికి అయిదు లీటర్ల పైచిలుకు. ఊట కింద 15 లీటర్ల బిందె పెడితే మూడు నిమిషాల్లోపు నిండాలన్నమాట. అదీ రాత్రంతా వచ్చే నీటిని పట్టి ఉంచే తొట్టి ఉంటేనే. వాన తక్కువైన ఏడాదిని కూడా దృష్టిలో పెట్టుకుంటే ఈ ధార రెట్టింపు ఉండాలి, బిందె నిమిషంన్నరలో నిండాలి. స్థల పరీక్షకు ఇంతకన్నా చవకైన పరికరం లేదు: ఒక బిందె, ఒక గడియారం, మే నెల.

ఇది మనుషులకూ పశువులకూ మాత్రమే. ఎకరం కూరగాయల తోటకు వేసవిలో రోజుకు 4 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే 16,000 లీటర్లు పోయాలి. ఊరంతా, దాని పశువులంతా కలిసి వాడేదానికి ఇది రెట్టింపు. అందుకే కొండ మీద వేసవి తోట పెరట్లో నాలుగు మడులకే పరిమితమవుతుంది. మిగతా పంట అంతా వాన మీద ఆధారం.

ఊట ఎక్కడుందన్నది ఎంత ధార ఉందన్నంత ముఖ్యం. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు అంటే 18 బిందెలు. ఊట అర కిలోమీటరు దూరంలో ఉంటే రానూపోనూ కిలోమీటరు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి తెచ్చినా రోజుకు తొమ్మిది కిలోమీటర్ల నడక, అందులో సగం బరువుతో. ఆ నడక ఇంట్లో ఎవరి వంతుకు వస్తుందో చెప్పనక్కరలేదు. చివరకు జరిగేది ఏమిటంటే నడక తగ్గదు, వాడకం తగ్గుతుంది. 55 లీటర్లు ఇరవైకి దిగుతాయి. ఊట పైన, ఊరు కింద ఉంటే మాత్రం మోటారు అక్కర్లేకుండా గొట్టంలో నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. ఏజెన్సీలో చాలా గూడేలకు నీళ్ళు అందుతున్నది ఈ పద్ధతిలోనే.

అలాగని గెడ్డ ఒడ్డునే ఇల్లు కట్టుకోకూడదు. తూర్పు కనుమల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మెల్లగా పారే కొండ కాలువల అంచుల్లోనే పెరుగుతుంది. మైదానం నుంచి వచ్చిన పోలీసు పటాలాలను 1879–80 రంప తిరుగుబాటు కాలంలో మన్యం జ్వరం మంచాన పడేసింది. నీటికి దగ్గర, దోమకు దూరం అనే ఈ రెండు షరతులూ కలిసే చోటు కొండ మీద ఇరుకుగా ఉంటుంది.

మరి వాన? ఏడాదికి 1,300 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎకరం నేల మీద 52 లక్షల లీటర్లు పడతాయి. మన వంద మందీ, పశువులూ ఏడాది పొడవునా వాడేది 27 లక్షలు. అరెకరం మీద పడే వాన ఊరికి ఏడాదికి సరిపోతుందన్నమాట! కొరత నీటిది కాదు, నెలలది. వాన ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు మధ్య పడుతుంది. జనవరి నుంచి మే దాకా 150 రోజులు గడవాలి. తాగడానికీ వంటకూ మనిషికి పది లీటర్లే అనుకున్నా ఊరికి లక్షన్నర లీటర్లు నిల్వ కావాలి, అంటే ఇంటికి 7,500 లీటర్ల తొట్టి. అంతకు మించినది దాచేది కొండే.

ఆ దాచడం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే స్థలం ఎంపిక ఇంకో మలుపు తిరుగుతుంది. ఈ కొండల నెత్తిన చాలాచోట్ల బాక్సైటు, ఎర్ర లాటరైటు పొర ఉంది. రంధ్రాలున్న ఆ పొర వానను పీల్చుకుని, కింద గట్టి రాయి తగిలిన చోట మెల్లగా ఊటగా వదులుతుంది. అందుకే మీ ఊట భవిష్యత్తు మీ ఇరవై ఎకరాల్లో ఉండదు, పైనున్న కొండ నెత్తి మీద ఉంటుంది. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 97 ద్వారా చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైటు కోసం ఖనిజాభివృద్ధి సంస్థకు ఇచ్చినప్పుడు మన్యం అంతా లేచింది అందుకే. ఆ ఉత్తర్వు 2019లో రద్దయింది.

186 క్వింటాళ్ళు

పల్లెవాసికి రోజుకు 2,400 క్యాలరీలు కావాలన్నది మన ప్రణాళికాకర్తలు 1979లో ఖాయం చేసిన కొలత. వంద మందికి ఏడాదికి 8 కోట్ల 76 లక్షల క్యాలరీలు. అందులో నూటికి 70 పాళ్ళు గింజల నుంచి రావాలనుకుంటే, కిలో చోళ్ళకు, అంటే రాగులకు, 3,300 క్యాలరీల లెక్కన 18,600 కిలోలు కావాలి. అంటే 186 క్వింటాళ్ళు, మనిషికి రోజుకు అరకిలో.

వానాధారపు కొండ వాలు మీద చోళ్ళు ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు పండితే పండినట్టే. విత్తనానికి, ఎలుకలకు, బూజుకు, చుట్టాలకు 15 శాతం పక్కన పెట్టాలి. అప్పుడు పండించాల్సింది 219 క్వింటాళ్ళు, కావాల్సింది 55 ఎకరాలు.

పప్పు మనిషికి రోజుకు 50 గ్రాములు. ఏడాదికి ఊరికి 1,825 కిలోలు. రాజ్‌మాయో కందులో ఎకరానికి మూడు క్వింటాళ్ళు వస్తే ఆరు ఎకరాలు.

నూనె దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. మనిషికి రోజుకు 20 గ్రాములే వేసుకున్నా ఏడాదికి 730 కిలోలు. గానుగలో గింజ బరువులో 30 శాతం నూనె దిగుతుందనుకుంటే 2,430 కిలోల వలిసెలు కావాలి. ఎకరానికి ఒకటిన్నర క్వింటాలు పండితే 16 ఎకరాలు. శీతకాలంలో అరకు వెళ్ళినవాళ్ళు పచ్చగా విరబూసిన వలిసె చేలల్లో ఫొటోలు దిగుతారు. ఆ పూల వెనక ఉన్న లెక్క ఇది: పప్పు కన్నా పోపుకే రెండున్నర రెట్ల నేల ఎక్కువ పడుతుంది.

పెరళ్ళకు రెండు ఎకరాలు కలిపితే మొత్తం 79. గుండు లెక్కలో 80 ఎకరాలు, మనిషికి ఎకరం కన్నా తక్కువ. ఇరవై ఎకరాల స్నేహితులకు ఇది పెద్ద అంకేమీ కాదనిపించవచ్చు, ఇంకో అరవై కొంటే సరి అని. అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒకటికి నాలుగు

మన్యంలో సాగునేల మూడు రకాలు. గెడ్డల వెంబడి నీరు నిలిచే పల్లం, దాని మీద మెట్టగా ఉండే గరువు, ఆ పైన కొండ వాలు. పల్లంలో వరి ఏటా పండుతుంది. గరువుకు పశువుల ఎరువు తోలుతూ ఉంటే అదీ దాదాపు ఏటా పండుతుంది. కొండ వాలు అలా కాదు. తుప్పలు నరికి కాల్చిన బూడిద బలంతో రెండు మూడేళ్ళు చోళ్ళు, సామలు, కందులు, వలిసెలు పండిస్తారు. ఆ తరువాత నేల చేతులెత్తేస్తుంది. దాన్ని వదిలేసి మరో చోటికి జరుగుతారు. వదిలిన చోట మళ్ళీ చెట్టు లేచి, ఆకు రాలి, మట్టి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఇదే పోడు.

మూడేళ్ళు పంట, తొమ్మిదేళ్ళు విశ్రాంతి అనుకుందాం. అంటే ఏ ఏడాదైనా నాలుగో వంతు నేల మీదే పంట ఉంటుంది. మన 77 ఎకరాల కొండ పంటకు 308 ఎకరాల కొండ కావాలి. పెరళ్ళు కలిపితే 310. మనిషికి మూడు ఎకరాలకు పైగా. ఆ లెక్కన ఇరవై ఎకరాలు పోషించేది పది కుటుంబాలను కాదు, ఆరేడుగురు మనుషులను.

ఇంకో విషయం ఈ అంకెలోనే దాగి ఉంది. ఏ రోజున వెళ్ళి చూసినా ఆ 310 ఎకరాల్లో 230 ఎకరాలు మనకు ఖాళీగానే కనిపిస్తాయి. దున్నిన జాడ ఉండదు, కంచె ఉండదు, పొదలూ లేత చెట్లూ ఉంటాయి. బయటి నుంచి వచ్చిన కంటికి అది అడవి, లేదా బీడు. గూడెం లెక్కలో అది వచ్చే ఏడాదో, ఆరేళ్ళ తరువాతో తినబోయే పొలం.

పైగా అది ఊరికే పడుకుని ఉండదు. మనిషికి రోజుకు కిలోన్నర కట్టెలు అనుకుంటే ఊరికి ఏడాదికి 55 టన్నులు. ఎకరం నుంచి చెట్టు చావకుండా ఏడాదికి టన్ను తీయగలమనుకున్నా 55 ఎకరాలు కావాలి. లంబసింగి వైపు శీతకాలపు రాత్రులు సున్నా దరిదాపులకు పోతాయి కనుక ఇక్కడ కట్టె వంటకే కాదు, చలిమంటకూ కావాలి. ఆ కట్టె విశ్రాంతి నేల నుంచే వస్తుంది. అడ్డాకులు, దుంపలు, తేనె, ఉసిరి, మేకల మేత అక్కడివే. వేరే అడవి కొనక్కర్లేదన్నమాట, పొలం విశ్రాంతి తీసుకుంటూనే అడవి పని చేస్తుంది. ఆ తొమ్మిదేళ్ళను మూడేళ్ళకు కుదిస్తే నేల కోలుకోదు, వాలు మట్టి గెడ్డలోకి దిగుతుంది. మంది పెరిగి, తిరగడానికి కొండ తగ్గిన చోట పోడు దెబ్బతిన్నది ఇలాగే.

ఈ అంకెను తగ్గించే దారులు లేకపోలేదు. ఎకరం పల్లంలో 12 క్వింటాళ్ళ వడ్లు పండితే ఎనిమిది క్వింటాళ్ళ బియ్యం. అది రెండు ఎకరాల చోళ్ళకు సమానం, విశ్రాంతి నేలతో కలిపి చూస్తే ఎనిమిది ఎకరాల కొండకు సమానం. అందుకే ప్రతి గూడెంలోనూ పల్లం ఎవరిదన్నది పెద్ద ప్రశ్న. రెండో దారి చౌక దుకాణం. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం అంటే వంద మందికి ఏడాదికి 6,000 కిలోలు. అది 15 ఎకరాల చోళ్ళ పంట, 60 ఎకరాల కొండ. రేషన్ కార్డు ఈ కొండల్లో ఒక ఊరికి చేసే మేలును ఇలా ఎకరాల్లోనూ కొలవవచ్చు. పటంలో లేని కొత్త కాలనీకి ఆ మేలు కూడా ఉండదు.

ఆ 310 ఎకరాలు ఎవరివి?

గూడెం కొత్తవీధి రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. ఇక్కడ నేల చేతులు మారడాన్ని కట్టడి చేసే మొదటి చట్టం 1917 నాటిది. దాని స్థానంలో 1959లో ఒకటో నిబంధన వచ్చింది. దాన్ని మరింత బిగించిన 1970 నాటి ఒకటో నిబంధనే అందరి నోటా నలిగే వన్ ఆఫ్ సెవెంటీ. దాని ప్రకారం ఈ నేల గిరిజనులకు, గిరిజన సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న నేలను ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. బదిలీ అంటే అమ్మకమొక్కటే అనుకునేరు. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. స్థానికుడి పేరు మీద పెట్టి మనం సాగు చేసుకుందాం అనే బినామీ ఉపాయానికీ దారి మూసే ఉంది.

ట్రస్టు పెడితే? కంపెనీ పెడితే? ప్రభుత్వ భూమి లీజుకు అడిగితే? ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టు 1997 జూలైలో సమత కేసులో జవాబిచ్చింది. అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద మొదలైన ఆ కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తేల్చింది.

అడవి భూమికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ సాగులో ఉన్న గిరిజనులకు, ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అడవి మీద బతికిన ఇతరులకు అది వర్తిస్తుంది. నిన్నగాక మొన్న వచ్చినవారికి అందులో చోటు లేదు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం ప్రకారం గ్రామసభ మాటకు విలువ ఉంది, కానీ నేలను బయటివాళ్ళకు ఇచ్చే అధికారం గ్రామసభకూ లేదు.

మన అంకెలను ఈ చట్టం పక్కన పెడితే ఒక చిక్కు బయటపడుతుంది. వ్యక్తిగత హక్కు ఇంటికి నాలుగు హెక్టార్లకు, అంటే పది ఎకరాలకు మించదు. అదీ వాస్తవంగా సాగులో ఉన్నంత మేరకే. ఇరవై ఇళ్ళకు 200 ఎకరాల గరిష్ఠ పరిమితి ఉన్నా, కొలతకు వచ్చిన రోజున పంట కనిపించేది 80 ఎకరాల్లోనే. అంటే ఇంటికి నాలుగు ఎకరాల పట్టా. విశ్రాంతిలో ఉన్న 230 ఎకరాలకు రక్షణ కావాలంటే ఊరంతా కలిసి సామూహిక అటవీ వనరుల హక్కు కోరాలి. ఆ పత్రం లేని గూడేనికి దాని పొలంలో నాలుగింట మూడు పాళ్ళు కాగితం మీద లేనట్టే.

కాగితం మీద లేని నేల పోవడం ఈ కొండలకు కొత్త కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు హద్దులు పోడు మీదికి జరిగాయి. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డుకు కొండవాళ్ళ చేత వెట్టి చేయించాడు. ఆ రెండు మంటలూ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడిగా బయటపడ్డాయి. బగతలు, కోదులు, కొండదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు ఉన్న ఈ మండలంలో భూమి కావాలంటూ బయటివాళ్ళు వస్తే ఊరు ముందు అనుమానంగా చూస్తుంది. అది మొరటుతనం కాదు, అనుభవం.

100, 250, 3,000, 20,000

నీరూ నేలా దొరికాయనుకున్నా, వంద మంది అనే అంకెకు తనదైన బరువుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది ఉన్న ఊరికి రోడ్డు వేస్తుంది. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది చాలు. అతి బలహీన గిరిజన తెగల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ ఈ అంకెను వందకు దించింది. మినీ అంగన్‌వాడీకి గిరిజన ప్రాంతంలో 150 మంది ఉండాలి. ఆరోగ్య ఉపకేంద్రం 3,000 మందికి ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం 20,000 మందికి ఒకటి.

చిన్న ఊరైతే కొండ సులువుగా పోషిస్తుంది, ప్రభుత్వం చేరదు. పెద్ద ఊరైతే ప్రభుత్వం చేరుతుంది, కొండ పోషించలేదు. 250 మందికి మన లెక్కన 775 ఎకరాలు కావాలి. ఏజెన్సీలో గూడేలు విడివిడిగా, చిన్నచిన్నవిగా ఉండడానికీ, పురిటి నొప్పుల మనిషిని డోలీ కట్టి మోసుకెళ్ళాల్సి రావడానికీ మూలం ఒకటే లెక్క. విడిగా ఉండడం అందంగా అనిపించే వారు స్థలం చూసేటప్పుడు ఒక్క పని చేయాలి. వానాకాలపు రాత్రి అక్కడి నుంచి అంబులెన్సు ఆగే చోటికి ఎన్ని గంటల నడకో కనుక్కోవాలి.

365 కిలోల ఉప్పు, 240 మెగావాట్లు

ఎంత స్వయంపోషకమైనా ఊరు ఉప్పు పండించలేదు. రోజుకు పది గ్రాముల చొప్పున వంద మందికి ఏడాదికి 365 కిలోలు. ఇనుము, బట్ట, మందులు, ఫోను, పిల్లల చదువు కూడా బయటి నుంచి రావాల్సినవే. కొండ ఊళ్ళు ఎప్పుడూ సంతతో ముడిపడే బతికాయి. చింతపండు, తేనె, అడ్డాకులు, పిప్పళ్ళు కిందికి, ఉప్పూ ఇనుమూ పైకి. ఈ బేరంలో దళారీని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఇప్పుడు కిందికి దిగే సరుకులో ముఖ్యమైనవి కాఫీ, మిరియాలు. గూడెం కొత్తవీధి మండలంలోని ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రమే ఉంది. నీడ చెట్ల కింద పెరిగే కాఫీ వాలు మట్టిని పట్టి ఉంచుతుంది. కానీ మొక్క నాటిన నాలుగో ఏడు గానీ కాపు చేతికి రాదు. ఆ నాలుగేళ్ళూ ఉప్పుకు డబ్బెక్కడిదన్నది కొత్త ఊరి ప్రశ్న.

కరెంటు సంగతి ఇంకో తీరు. ఇదే మండలంలోని సీలేరు నది మీద ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు. మన ఇరవై ఇళ్ళకు దీపాలు, ఫ్యాన్లు, ఫోన్లకు రెండున్నర కిలోవాట్లు చాలు. అంటే అందులో 96 వేలో వంతు. సొంతంగా గెడ్డ మీద అయిదు కిలోవాట్ల చిన్న టర్బైను పెట్టుకుందామన్నా, 20 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 50 లీటర్ల నీరు దూకాలి. తాగునీటి ఊట కన్నా ఇది ఆరు వందల రెట్లు పెద్ద ప్రవాహం, అదీ మే నెలలో ఉండాలి. ఇంటి కప్పు మీది సౌర పలక ఇంతకన్నా తేలిక.

వేరే చోట్ల ఏం జరిగింది

1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం తదితరులు తింబక్టు సమష్టికి ఎంచుకున్నది మంచు కొండను కాదు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుపడిన 32 ఎకరాలను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది, మన కొండల్లో సగం కూడా లేదు. మన లెక్కలో 32 ఎకరాలు ఓ చిన్న గూడేనికీ చాలవు. అక్కడివాళ్ళు ఆ 32 ఎకరాలకే అంటిపెట్టుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులతో, మహిళలతో సహకార సంఘాలు కట్టారు. కల్పవల్లి పేరిట వేల ఎకరాల ఉమ్మడి బీడును ఊళ్ళతో కలిసి పచ్చబరిచారు. తన కాళ్ళ మీద తాను నిలబడింది ఒక ఆవరణ కాదు, ఊళ్ళ గుంపు.

శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలో 2018లో మొదలైన కూర్మగ్రామం ఇంకో తరహా. కృష్ణభక్తులు దాదాపు 60 ఎకరాల్లో కరెంటు, ఫోను లేకుండా, సున్నమూ ఇసుకా కలిపి కట్టిన ఇళ్ళలో ఉంటున్నారు. 1968 ఫిబ్రవరి 28న పుదుచ్చేరి దగ్గర మొదలైన ఆరోవిల్‌కు దొరికింది కోతపడిన ఎర్ర పీఠభూమి. అక్కడ మొదటి తరం పని కట్టలు వేయడం, చెట్లు నాటడం. 50 వేల మందికి అనుకున్న ఆ ఊళ్ళో అర్ధ శతాబ్దం తరువాత ఉన్నది మూడు వేల పైచిలుకు.

తొందరపడి చెడ్డ ఉదాహరణ అమెరికాలో ఉంది. బ్రాన్సన్ ఆల్కాట్, చార్లెస్ లేన్ 1843 జూన్‌లో మసాచుసెట్స్‌లో 90 ఎకరాల్లో ఫ్రూట్‌లాండ్స్ పెట్టారు. విత్తే కాలం దాటాక దిగారు, పశువుల చేత పని చేయించకూడదన్నారు. ఏడు నెలలకే, చలికాలం నడుమ అది మూతపడింది. మన కొండలకూ ఈ క్యాలెండరు వర్తిస్తుంది. జనవరిలో దిగి నేల సిద్ధం చేసుకున్నా, చోళ్ళు కోతకు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పటిదాకా పది నెలల గింజలు, 155 క్వింటాళ్ళు, కొని పైకి తేవాలి. అవి 50 కిలోల బస్తాలు 310. రోడ్డు లేని చోట మనిషికి పాతిక కిలోల చొప్పున 620 మోతలు.

ముందు ఏది, తరువాత ఏది

స్థలం వెతికేవారు సాధారణంగా దృశ్యంతో మొదలుపెట్టి ధరకు వెళ్తారు, నీటి గురించి బోరు వేసేటప్పుడు ఆలోచిస్తారు, చట్టం రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలుస్తుంది. అంకెలు చెప్పే వరుస దీనికి తలకిందులు.

మొదట హక్కు: ఆ నేలను కొనే, కౌలుకు తీసుకునే అర్హత మీకుందా? గూడెం కొత్తవీధిలో గిరిజనేతరులకు లేదు. లెక్క అక్కడితో ఆగుతుంది. రెండోది మే నెల ఊట: వంద మందికి బిందె మూడు నిమిషాల్లోపు నిండాలి. మూడోది విశ్రాంతితో కలిపిన నేల: ఎరువు తోలలేని వాలైతే మనిషికి మూడు ఎకరాలు, ఎరువూ పల్లమూ ఉంటే ఎకరం లోపు. నాలుగోది మంది: రోడ్డు, బడి, నర్సు రావడానికి సరిపోయేంత, నేల మోయగలిగినంత. అయిదోది చేతిలో ఏడాది తిండి, నాలుగేళ్ళ ఉప్పు. దృశ్యం ఆరోది.

ఈ వరుసతో వెతికేవారికి రెండు దారులు మిగులుతాయి. కొండే కావాలనుకుంటే అక్కడున్న గూడేల పనికి చెయ్యి కలపవచ్చు. ఊటలు కట్టుదిట్టం చేయడం, సామూహిక హక్కుల దరఖాస్తుకు కొలతలు తీయడం, కాఫీకి మంచి ధర వెతకడం లాంటి పనులకు ఎకరం కొననక్కర్లేదు. సొంతంగా ఊరు కట్టాలనుకుంటే తింబక్టు చూపించిన దారి ఉంది. షెడ్యూల్డు ప్రాంతం బయట, ఎవరి పోడూ కాని, పొరుగు ఊళ్ళు రమ్మన్న బీడును ఎంచుకోవచ్చు. అక్కడ వాన తక్కువ, పని ఎక్కువ. కానీ అక్కడ పచ్చబడే ప్రతి ఎకరం కొత్తగా చేరిన నేల అవుతుంది. కొండ మీద తీసుకునే ప్రతి ఎకరం మాత్రం ఎవరో తొమ్మిదేళ్ళుగా కోలుకోనిచ్చిన పొలంలోంచే పోతుంది.